పిచర్ వేసిన బంతులు ఎవరు లెక్కపెడుతున్నారు? కాలేజీ బేస్‌బాల్‌కు కొత్త కోచ్ వస్తే ఇంట్లోవాళ్లు అడగాల్సిన మాట

కలిగిరి, వింజమూరు, కొండాపురం వైపు పిల్లలు ఇంటర్ అయ్యాక కావలికో, ఆత్మకూరుకో, నెల్లూరుకో చదువుకు పోతారు. ఊళ్లో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడి, బౌండరీ దగ్గర నుంచి నేరుగా వికెట్ల మీదకు విసిరే కుర్రాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. కాలేజీలో పీడీ సార్ కంట్లో పడేది అలాంటివాడే. "నీ చెయ్యి బాగుంది, బేస్‌బాల్‌కు రా" అంటారు. ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మీ అడిగే మొదటి ప్రశ్న ఆ ఆట ఏంటని. అబ్బా అడిగేది సర్టిఫికెట్ దేనికైనా పనికొస్తుందా అని. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కానీ ఆ పిల్లాడిని పిచర్‌గా తీసుకున్నారంటే, వాటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: వాడు రోజుకు ఎన్ని బంతులు వేస్తున్నాడో ఎవరు లెక్కపెడుతున్నారు?

ముందు ఆట సంగతి. క్రికెట్ తెలిసినవాళ్లకు బేస్‌బాల్ అర్థం కావడానికి పది నిమిషాలు చాలు. జట్టుకు తొమ్మిది మంది. మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్. ముగ్గురు అవుటైతే ఆ ఇన్నింగ్స్‌లో ఆ జట్టు బ్యాటింగ్ అయిపోతుంది, రెండో జట్టు వస్తుంది. బంతి విసిరేవాడు పిచర్, వెనకాల వికెట్ కీపర్‌లా కూర్చుని పట్టేవాడు క్యాచర్. బంతి నేల తగలదు, నేరుగా బ్యాటర్ దగ్గరికే వస్తుంది. మోకాళ్ల నుంచి ఛాతీ మధ్య వరకు ఉండే ఒక గీత లేని పెట్టెలోంచి బంతి పోవాలి. మూడు స్ట్రయిక్‌లు పడితే బ్యాటర్ అవుట్. పెట్టె బయట నాలుగు బంతులు వేస్తే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు నడిచిపోతాడు. కొట్టినవాడు నాలుగు బేస్‌లు చుట్టి వస్తే ఒక పరుగు. మిగతా నియమాలు చూస్తూ చూస్తూ తెలిసిపోతాయి.

తేడా అంతా విసరడంలో ఉంది. క్రికెట్ బౌలర్ పరుగెత్తుకుంటూ వచ్చి వేస్తాడు, మోచేయి 15 డిగ్రీలకు మించి చాచకూడదు. బేస్‌బాల్ పిచర్‌కు పరుగు లేదు. పది అంగుళాల ఎత్తు మట్టి దిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, మోచేయి పూర్తిగా వంచి కొరడాలా విసురుతాడు. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతికంటే కాస్త తక్కువే. కానీ పరుగు ఇచ్చే ఊపు లేదు కాబట్టి ఆ వేగమంతా కాళ్లు, నడుము, భుజం, మోచేయి కలిసి పుట్టించాలి. చివర్లో ఎక్కువ లాగుడు పడేది మోచేయి లోపలి వైపు ఉండే చిన్న లిగమెంట్ మీద. దాన్నే డాక్టర్లు యూసీఎల్ అంటారు.

అది తెగిపోతే ఒకప్పుడు ఆట అయిపోయినట్టే. 1974లో అమెరికాలో టామీ జాన్ అనే పిచర్‌కు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ కొత్త ఆపరేషన్ చేశారు. ముంజేతిలోంచి ఒక టెండన్ తీసి, మోచేయి ఎముకల్లో రంధ్రాలు చేసి తెగిన లిగమెంట్ స్థానంలో కట్టారు. జాన్ 1976లో మళ్లీ ఆటలోకి వచ్చాడు, 1989 దాకా ఆడాడు. ఆ ఆపరేషన్‌కు ఇప్పటికీ ఆయన పేరే. కోలుకోవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అమెరికాలో పెద్ద క్లబ్బు ఆటగాడికి ఆ ఖర్చు క్లబ్బు పెట్టుకుంటుంది. కలిగిరి నుంచి వెళ్లిన డిగ్రీ విద్యార్థికి ఎవరు పెడతారు?

అమెరికా కాలేజీ బేస్‌బాల్ సీజన్ ఏటా ఫిబ్రవరి మధ్యలో మొదలవుతుంది. పెద్ద డివిజన్‌లో ఒక్కో జట్టు రెగ్యులర్ సీజన్‌లో 56 మ్యాచ్‌ల దాకా ఆడుతుంది. శుక్ర, శని, ఆదివారాల్లో ఒకే జట్టుతో మూడు మ్యాచ్‌లు, వారం మధ్యలో ఇంకొకటి ఉండటం మామూలు. అందుకే కొత్త కోచ్ వచ్చిన కాలేజీలో మొదటి వారం అందరూ చూసేది శుక్రవారం పిచర్ ఎవరు, శనివారం ఎవరు, ఆదివారం ఎవరు అని. శుక్రవారం వేసినవాడు మళ్లీ వచ్చే శుక్రవారమే. కోచ్ మనసులో గెలుపుకు ఎంత చోటుందో, పిల్లాడి చేతికి ఎంత చోటుందో ఆ మూడు పేర్లలోనే చాలావరకు బయటపడుతుంది.

అక్కడా లెక్క తప్పే రోజులు ఉంటాయి. కుమార్ రాకర్ సంగతి చూడండి. తల్లి లలిత భారత సంతతి, ఆమె తల్లిదండ్రులు ఇండియా నుంచి వెళ్లినవాళ్లు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్. కుమార్ నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ పిచర్. 2019 జూన్ 8న డ్యూక్ యూనివర్సిటీ మీద, ఓడితే ఇంటికే అనే మ్యాచ్‌లో, మొదటి సంవత్సరం విద్యార్థిగా ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రయిక్ అవుట్ చేశాడు. ఆ సంవత్సరం వాండర్‌బిల్ట్ కాలేజీ వరల్డ్ సిరీస్ గెలిచింది, ఉత్తమ ఆటగాడు కుమారే. ఆ రాత్రి అతను వేసిన బంతులు 131. వయసు 19.

2021లో న్యూయార్క్ మెట్స్ అతన్ని పదో స్థానంలో ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరిందని వార్తలొచ్చాయి. తర్వాత మెడికల్ రిపోర్టు చూసి క్లబ్బు సంతకం పెట్టలేదు. అదే ఏడాది భుజానికి ఆపరేషన్ అయింది. 2022లో టెక్సాస్ రేంజర్స్ తీసుకుంది, 2023లో మోచేతికి టామీ జాన్ ఆపరేషన్. చివరికి 2024 సెప్టెంబరు 12న మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు. 2019 నాటి ఆ ఒక్క రాత్రి వల్లే ఇదంతా జరిగిందని ఎవరూ చెప్పలేరు, అలా చెప్పడం అన్యాయం కూడా. కానీ అంత పేరున్న యూనివర్సిటీలో, అన్ని సౌకర్యాల మధ్య ఉన్న చెయ్యే ఇంత కష్టపడింది.

లెక్క అంటే ఏంటో ఇప్పుడు చెప్పుకోవాలి. 2014లో మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి డాక్టర్ల సలహాతో 'పిచ్ స్మార్ట్' పేరుతో ఒక పట్టిక విడుదల చేశాయి. 17, 18 ఏళ్ల పిల్లాడు ఒక రోజులో 105 బంతులకు మించి వేయకూడదు. 19 నుంచి 22 ఏళ్లవాళ్లకు 120. విశ్రాంతికీ కొలత ఉంది: 30 లోపు వేస్తే మర్నాడు కూడా దిగొచ్చు. 31 నుంచి 45 అయితే ఒక రోజు ఆగాలి, 60 దాకా అయితే రెండు రోజులు, 80 దాకా అయితే మూడు రోజులు, 81 నుంచి నాలుగు రోజులు. 19 దాటినవాళ్లు 105 కూడా దాటి వేస్తే ఐదు రోజులు. ఈ పట్టిక ఫోన్‌లో పెట్టుకోవడానికి డబ్బేం ఖర్చు కాదు.

మన దగ్గర చిక్కు ఇక్కడే. ఇక్కడ సీజన్ అంటే నెలల తరబడి వారానికొక మ్యాచ్ కాదు. కాలేజీల మధ్య పోటీలు రెండు మూడు రోజుల్లో ముగించేస్తారు. అందులోంచి యూనివర్సిటీ జట్టును ఎంపిక చేస్తారు. నెల్లూరు జిల్లా కాలేజీలకైతే అది 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి యూనివర్సిటీ. ఆ జట్టు భారత విశ్వవిద్యాలయాల సంఘం నడిపే అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు పోతుంది. అక్కడ కూడా మ్యాచ్‌లు వరసగానే ఉంటాయి. తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తిగా ఆడితే ఒక జట్టు తరఫున 140, 150 బంతుల దాకా పడతాయి. జట్టులో సరిగ్గా వేయగలిగేది ఒక్కడే అయితే? ఉదయం వాడే, సాయంత్రం వాడే, మర్నాడు ఫైనల్లోనూ వాడే. మధ్యలో వాడికి 'విశ్రాంతి' అని క్యాచర్‌గా కూర్చోబెడతారు. క్యాచర్ ప్రతి బంతినీ తిరిగి విసరాలి కాబట్టి అది విశ్రాంతి కానే కాదు, ఒకే రోజు రెండు పనులూ ఒకరికి ఇవ్వొద్దని ఆ పట్టికవాళ్లే హెచ్చరించారు.

దీనికి పీడీ సార్‌ను తిట్టి లాభం లేదు. మన కాలేజీల్లో ఒకే మనిషి కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్, బేస్‌బాల్ అన్నీ చూసుకోవాలి. కొత్తగా వచ్చినవారైతే మొదటి ఏడాదే కప్పు చూపించాలనే ఒత్తిడి కూడా ఉంటుంది. అందుకే కొత్త కోచ్‌ను ఒక్క మాట మర్యాదగా అడగాలి: "సార్, మావాడు కాకుండా పిచింగ్‌కు ఇంకెంతమందిని తయారు చేస్తున్నారు?" ముగ్గురు, నలుగురు అని జవాబొస్తే గట్టి సంగతే. మీవాడొక్కడే చాలమ్మా అంటే, అది పొగడ్త అనుకుని మురిసిపోకండి. బెంచి మీద కూర్చున్న పిల్లాడి చేతికి ఒక నోట్‌బుక్ ఇచ్చి, పిచర్ వేసిన ప్రతి బంతికీ ఒక గీత గీయమంటే పని అయిపోతుంది.

క్రికెట్‌లో ఈ లెక్క ఇప్పుడు అందరికీ అలవాటైంది. 2025 ఇంగ్లండ్ పర్యటనలో బుమ్రా ఐదు టెస్టుల్లో మూడే ఆడాడు. మన హైదరాబాద్ సిరాజ్ ఐదూ ఆడి, 185 ఓవర్లు పైగా వేసి 23 వికెట్లు తీశాడు. ఎవరు ఎన్ని ఓవర్లు వేశారో, ఎవరికి ఎప్పుడు విశ్రాంతో టీ అంగడి దగ్గర కూడా చర్చ జరిగింది. మన ఇంటి పిల్లాడి చేతికి ఆ చర్చ లేదు. పైగా వాడు వారమంతా కాలేజీలో పిచింగ్ చేసి, ఆదివారం ఊరికొచ్చి టోర్నమెంట్‌లో ఫాస్ట్ బౌలింగ్ వేస్తాడు. చేతికి రెండూ ఒకే ఖాతా.

అలసిన చేత్తో వేయడమే అసలు ప్రమాదం. అమెరికాలోని అలబామాలో డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ మొదలుపెట్టిన స్పోర్ట్స్ మెడిసిన్ సంస్థవాళ్లు 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆపరేషన్ దాకా వెళ్లిన కుర్ర పిచర్లను, దెబ్బ తగలనివాళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. చెయ్యి అలసిపోయినా తరచూ వేస్తూపోయినవాళ్లకు ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం 36 రెట్లు ఎక్కువని తేలింది. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి వేసినవాళ్లకు ఐదు రెట్లు.

రంజాన్ మాట ఇక్కడే వస్తుంది. ఇస్లామీ నెలలు ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. ఇప్పుడు రంజాన్ ఫిబ్రవరి, మార్చిల్లో పడుతోంది, ఇంకొన్నేళ్లలో జనవరికి, డిసెంబరుకు వస్తుంది. కాలేజీ ఆటలు జరిగేవి కూడా ఈ నెలల్లోనే. రోజాతో ఆడిన గొప్పవాళ్లు ఉన్నారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు హకీమ్ ఒలాజువాన్ 1995 ఫిబ్రవరిలో రంజాన్ ఉపవాసాలుంటూ ఆడి ఎన్‌బీఏలో ఆ నెల ఉత్తమ ఆటగాడయ్యాడు. అయితే అది చూపించి పిల్లల మీద భారం పెట్టడం సరికాదు. రోజా సంగతి ఇంటివాళ్లు, ఇమామ్ సాబ్ చూసుకుంటారు. కోచ్‌కు మాత్రం ముందే చెప్పాలి. చాలామంది పిల్లలు సిగ్గుపడి చెప్పరు, అసర్ వేళకు నీళ్లు లేక నీరసపడ్డ ఒంటితో అరవై బంతులు వేసేస్తారు. ఆ నెలలో బంతులు తగ్గించి, గట్టి ప్రాక్టీస్ ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవచ్చు. మైదానంలో లైట్లు లేకపోతే ఆ రోజు క్యాచింగ్, బేస్ రన్నింగ్ మెల్లగా చేయించినా చాలు.

ఇక అబ్బా ప్రశ్న. లాస్ ఏంజెలెస్‌లో 2028 ఒలింపిక్స్‌కు క్రికెట్‌తో పాటు బేస్‌బాల్ కూడా తిరిగొస్తోంది. 2023 నవంబరులో దుబాయ్ క్రికెట్ స్టేడియంలో బేస్‌బాల్ ప్రదర్శన మ్యాచ్‌లు ఆడించారు. ఆట పెరుగుతోంది, నిజమే. అయినా స్పోర్ట్స్ కోటా అనేది ఆటకంటే సర్టిఫికెట్ స్థాయి మీద, ఆ నోటిఫికేషన్‌లో ఆ ఆట పేరుందా లేదా అన్నదాని మీద ఉంటుంది. నోటిఫికేషన్ చదవకుండా ఎవరి మాటా నమ్మొద్దు.

మోచేయి లోపలి వైపు నొప్పి, చిటికెన వేలు తిమ్మిరి, విసురు ఉన్నట్టుండి తగ్గిపోవడం కనిపిస్తే ఆ రోజే ఆపేయాలి. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోయే అలవాటు మనవైపు ఉంది, కానీ ఇది ఎముక సంగతి కాదు. బామ్ రాసి, క్రేప్ బ్యాండేజీ చుట్టి మళ్లీ దించితే కొంచెం చిరిగినది పూర్తిగా తెగుతుంది. నెల్లూరులో ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించి, అవసరమంటే ఎంఆర్‌ఐ తీయించాలి. నొప్పి పూర్తిగా పోయాక దగ్గర దూరం నుంచి మెల్లగా విసరడం మొదలుపెట్టించి వారాల మీద పెంచుతారు. ఆ వారాల లెక్క డాక్టరు చీటీ మీద రాయించుకుని, ఒక కాపీ పీడీ సార్ చేతికి ఇచ్చిరావాలి.