ఎండ కిటికీకి ఏ మొక్క?

నాన్నగారు పోయాక అమ్మను ఊరినుంచి విజయవాడలోని మా ఫ్లాట్‌కు తీసుకొచ్చాను. అక్కడ పెద్ద పెరడు. ఇక్కడ ఆమె గదికి ఒక కిటికీ. "నీళ్లు పోయడానికి ఒక్క మొక్కైనా లేదేమిట్రా?" అంది మొదటి రోజే. మర్నాడే పీస్ లిల్లీ కొని కిటికీలో పెట్టాను. పది రోజుల్లో ఆకులు మాడిపోయాయి. "నా చెయ్యి మంచిది కాదేమో" అంది అమ్మ. మనసు చివుక్కుమంది. తప్పు ఆమె చేతిది కాదు, నా ఎంపికది. ఖాతాదారు అవసరం కనుక్కోకుండా పథకం అంటగట్టినట్టు, కిటికీ సంగతి తెలుసుకోకుండా మొక్క కొన్నాను.

కాబట్టి ముందు కిటికీకి కేవైసీ చేయాలి. తూర్పు కిటికీలో పడేది లేత ఎండ. చాలా మొక్కలు తట్టుకుంటాయి. పడమటి కిటికీలో సాయంత్రందాకా తీక్షణమైన ఎండ. దక్షిణపు కిటికీది వేరే లెక్క. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలడంతో ఎండ గది లోపలికి వస్తుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా విజయవాడలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. అప్పుడు ఆ కిటికీలో ఎండ దాదాపు ఉండదు.

అమ్మ గదిది పడమటి కిటికీ. అలాంటిచోటికి కలబంద, జేడ్, స్నేక్ ప్లాంట్ మేలు. ఇవి ఆకుల్లో నీరు దాచుకుంటాయి. ఆకుల మీది సన్నని రంధ్రాలను పగలు మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. అందువల్ల నీటి ఖర్చు తక్కువ. తులసికీ ఎండ ఇష్టమే, కానీ వేసవిలో రోజూ తడి చూడాలి. పూలు కావాలంటే అడీనియం ఉంది. దాని పాలు విషం కనుక చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. మనీ ప్లాంట్, పీస్ లిల్లీ కిటికీకి దూరంగా, నేరుగా ఎండ తగలని వెలుగులో ఉండాలి.

మూడు జాగ్రత్తలు: నర్సరీ నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టకుండా, వారం పది రోజులు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. కుండీకి అడుగున రంధ్రం ఉండాలి. కలబందలాంటి వాటికి మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు పోయాలి. ఇవి ఎండకన్నా అతి తడికే ఎక్కువగా చస్తాయి.

అమ్మ కలబంద ఇప్పుడు పిలకలు వేసింది. మొన్న ఒకటి వేరుచేసి చిన్న కుండీలో నాటి నా చేతికిచ్చింది. "మీ బ్రాంచికి తీసుకెళ్లు. ముందు కిటికీ ఏ వైపో చూసుకో!"