వార్తల్లో పదం: పీఎస్‌టీ ఫైలు

పాత ఔట్‌లుక్ స్థానంలోకి మైక్రోసాఫ్ట్ కొత్త ఔట్‌లుక్‌ను తెస్తుండటంతో ఈ పేరు తరచూ వినబడుతోంది. మెయిళ్లు, కాంటాక్టులు, క్యాలెండర్‌ను పాత ఔట్‌లుక్ కంప్యూటర్‌లో దాచుకునే ఒకే ఫైలు పీఎస్‌టీ. ఏ మెయిల్ ఎక్కడుందో చెప్పే పట్టికలూ అందులోనే ఉంటాయి. ప్రోగ్రామ్ నడుస్తుండగా కరెంటు పోయినా, ఫైలును నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టి వాడినా అవి చెడిపోవచ్చు. 2002 వరకు వచ్చిన వెర్షన్లలో ఫైలు 2 జీబీకి చేరితే ఇదే ఇబ్బంది. 2010 వెర్షన్ నుంచి మామూలు పరిమితి 50 జీబీ. పట్టిక చెడితే ఫైలు తెరుచుకోకపోవచ్చు గానీ, మెయిళ్లన్నీ పోయినట్టు కాదు. అయితే ఔట్‌లుక్‌తో పాటే వచ్చే మరమ్మతు సాధనం స్కాన్‌పీఎస్‌టీ, బాగుచేయలేని భాగాలను తీసిపారేస్తుంది. అందుకే ముందు ఔట్‌లుక్ మూసి, ఫైలుకు కాపీ తీసుకుని, ఆ తర్వాతే ఆ సాధనాన్ని నడపాలి.

మెయిళ్లు సర్వర్‌లో ఉంటాయి కదా, బెంగెందుకు అనొచ్చు. ఐమ్యాప్ ఖాతాకు అది చాలావరకు నిజమే. సర్వర్‌లోని మెయిళ్లకు కంప్యూటర్‌లో నకలుగా ఉండే ఓఎస్‌టీ ఫైలు పాడైనా మెయిళ్లు మళ్లీ దిగుతాయి. పాప్ ఖాతాలో మాత్రం, దించుకున్నవి సర్వర్ నుంచి చెరిగిపోయేలా సెట్టింగ్ ఉంటే పీఎస్‌టీలో ఉన్నదే ఏకైక ప్రతి. సత్తెనపల్లి పత్తి మిల్లుకైనా, గుంటూరు మిర్చి ఎగుమతిదారుకైనా పాత ఆర్డర్లు, ఇన్‌వాయిస్‌లు అందులోనే మిగిలి ఉండొచ్చు. కాబట్టి తమ ఖాతా ఏ రకమో తెలుసుకోవడం మరమ్మతు కంటే ముందు చేయాల్సిన పని.