తోలు కుట్టే మిషను కొంటున్నారా?

జాకెట్లు, ఫాల్సు కుట్టీ కుట్టీ విసిగిన చేతులు ఈమధ్య తోలు పర్సులు, హ్యాండ్‌బ్యాగుల వైపు మళ్లుతున్నాయి. సంతోషమే. బట్ట సంచీ దగ్గర పది రూపాయలకు బేరమాడే వాళ్లే మంచి తోలు బ్యాగుకి మారు మాట్లాడకుండా ఇచ్చి వెళ్లడం నా కళ్లతో చూశాను. కాకపోతే చిక్కంతా మిషను దగ్గరే వస్తుంది. కొత్తది కొనే తాహతు ఎందరికుంటుంది? సెకండ్‌హ్యాండ్‌ది వెతుక్కోక తప్పదు. పదకొండేళ్లుగా గుంటూరులో ఈ పని చేస్తున్నానని తెలిసి చాలామంది "మిషను ఎక్కడ కొన్నారండీ?" అని అడుగుతుంటారు. ఎక్కడ అని కాదు, ఎలాంటిది అని అడగండమ్మా అంటాను నేను.

బట్టకీ తోలుకీ తేడా ముందు తెలియాలి. బట్టలో సూది దిగితే పోగులు పక్కకి జరిగి మళ్లీ దగ్గరికొస్తాయి. తప్పు కుడితే విప్పుకోవచ్చు. తోలులో పడిన చిల్లు మాత్రం పడినట్టే! విప్పి మళ్లీ కుడితే వరసగా చిల్లులు పడి, స్టాంపుల కాగితం చింపినట్టు చినిగి ఊరుకుంటుంది. కుట్లు మరీ దగ్గరగా పడినా ఇదే గతి. అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది కుట్లు చాలు.

రెండోది జారుడు. మన ఇళ్లలో ఉండే మిషన్లలో గుడ్డని కిందనుంచి పళ్లు మాత్రమే లాగుతాయి. పైనున్న పాదం ఊరికే నొక్కి పట్టుకుంటుంది. తోలుకి ఆ పాదం అతుక్కుపోతుంది. కింది పొర ముందుకి, పై పొర వెనక్కి! అంచులు కలవవు. అందుకే తోలు పనికి పైపాదం కూడా అడుగులు వేస్తూ లాగే మిషను కావాలి. బజార్లో దీన్ని వాకింగ్ ఫుట్ అంటారు. కింద పళ్లు, పైన పాదం, మధ్యలో సూది మూడూ కలిసి ఒకేసారి కదిలితే కాంపౌండ్ ఫీడ్ అంటారు. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి సూదినే చూడండి. నిటారుగా దిగి నిటారుగా లేస్తే కాంపౌండ్ కాదు. తోలులో దిగి, దానితోపాటే ఒక అడుగు వెనక్కి నడిచి, అప్పుడు లేస్తే అదే మనకు కావలసింది.

"హెవీ డ్యూటీ" అన్న మాట నమ్మి డబ్బు పోసుకోకండి. ఆ మాటకి ఎవరి అర్థం వాళ్లది. కిందటేడాది మా తోటికోడలు నాతో వచ్చింది. మా మరిదికి పని పోయి ఆర్నెల్లయింది. చీటీ పాడి తెచ్చుకున్న డబ్బు ఆమె చేతిలో ఉంది. పిల్లాడి ఫీజులు, ఇంటి అద్దె అన్నీ ఆ మిషను మీదే వెళ్లాలి. ఓ దుకాణంలో తళతళలాడే పచ్చరంగు మిషను చూపించి, "జీన్సు, రెగ్జిను, తోలు... ఏదైనా సరే కసకస కుట్టేస్తుందమ్మా" అన్నాడాయన. నాలుగు పొరల జీన్సు గుడ్డ పెట్టి కుట్టి చూపించాడు కూడా. బ్రహ్మాండంగా కుట్టింది. మా తోటికోడలు సంచీలో చెయ్యి పెట్టబోయింది.

"ఆగు" అని, మేం తీసుకెళ్లిన తోలు ముక్కలు ఇచ్చాను. రెండు పొరలు సరిగ్గానే వెళ్లింది. నాలుగు పొరలు కలిసే మూల దగ్గరికొచ్చేసరికి పాదం ఎక్కలేక ఆగింది, కుట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పై పొర వేలెడు వెనక్కి పోయింది. "చెయ్యి అలవాటవ్వాలమ్మా" అన్నాడాయన. చెయ్యి అలవాటైనంత మాత్రాన పళ్లు పైకి మొలుస్తాయా? బయటికొచ్చాక, "అక్కా, నువ్వు రాకపోతే ఇచ్చేసేదాన్నే" అంది.

కాబట్టి మిషను చూడ్డానికి వెళ్లేటప్పుడు మీ తోలు, మీ దారం, మీ సూది పట్టుకెళ్లండి. మీరు తయారుచేయబోయే వస్తువులో ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువ పొరలు పడతాయో చూసుకుని, అంత మందం అక్కడే అతికించి కుట్టించండి. నైలాను దారంలో అంకె తగ్గేకొద్దీ దారం లావవుతుంది. 40 నంబరు పర్సులకి, 20 నంబరు గట్టి బ్యాగులకి, బెల్టులకి. 20 నంబరు దారం వేసి కుట్టించి, తోలు తిప్పి అడుగు వైపు చూడండి. పైనా కిందా ఒకేలా ఉండాలి. సూది మొన తోలుని కోసే రకంగా ఉండాలి, గుడ్డ సూదులు గుండ్రటి మొనతో ఉంటాయి. కాంపౌండ్ మిషన్లు చాలావాటికి 135×16 అనే తోలు సూదులు సరిపోతాయి. కుట్టిన తర్వాత మీటతో వెనక్కి కుట్టించి చూడండి. అవే చిల్లుల్లో పడితే మిషను ఒళ్లు సరిగా ఉన్నట్టు.

ఇక కొత్త రంగు చూసి మురిసిపోవద్దు. సూది పట్టే కడ్డీని వేళ్లతో పట్టుకుని ఊపండి. లొడలొడలాడితే అరిగిపోయింది. బాబిను దగ్గర దారాన్ని అందుకునే హుక్కు మొన మీద వేలు పెట్టి చూడండి, గరుకు తగిలితే దారం తెంపుతుంది. మిషను తలని వెనక్కి వంచి అడుగున తుప్పుందేమో, నూనె ఎండి జిగురైందేమో చూడండి. చక్రం ఒక్క చుట్టులో ఎక్కడా పట్టేయకూడదు.

పాతవాటిలో పేరున్నవి కొన్ని చెబుతాను. సింగర్ 111డబ్ల్యూ155 మంచి గట్టి పిండం. వెనక్కి కుట్టే మీట మాత్రం ఉండదు, చివర్లో పనినే తిప్పుకోవాలి. కాన్‌సూ 206ఆర్‌బీకి ఆ మీట ఉంటుంది. జూకీ డీఎన్‌యూ 1541కి విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి, నా ఓటు దీనికే. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర కనిపించే సింగర్ 29కే వేరు. దాని పాదం ఎటంటే అటు తిరుగుతుంది, చెప్పుల మరమ్మతుకి దాన్ని మించింది లేదు. కానీ బాబిను బుల్లిది. బ్యాగుల పొడుగు కుట్లకి అది పెట్టుకుంటే దారం మార్చుకోవడంతోనే పొద్దుగూకుతుంది. అమ్మమ్మగారి నల్ల సింగరు ఉందనుకోండి, పలచటి మేకతోలు రెండు పొరలు చక్రం చేత్తో తిప్పుతూ కుట్టి చూడొచ్చు. అంతకుమించి దాన్ని హింస పెట్టకండి, పాపం!

మీరు కుట్టేది పర్సులు, బెల్టులు అయితే బల్లలా చదునుగా ఉన్న మిషను చాలు. బ్యాగు ఒళ్లంతా అతికాక లోపలి అంచులు కుట్టాలంటే గొట్టంలా చెయ్యి చాచి ఉండే మిషను కావాలి. రెండూ కొనాలన్న ఆశ మొదట్లో వద్దు.

మోటారు సంగతి చాలామంది మరిచిపోతారు. ఆంబూరు, రాణీపేట లాంటిచోట్ల ఫ్యాక్టరీలు ఖాళీచేసిన మిషన్లకి త్రీఫేజు మోటార్లు ఉండొచ్చు. మన ఇంట్లో ఉండేది సింగిల్ ఫేజు. పైగా పాత క్లచ్ మోటారు కాలు పెట్టగానే గుర్రంలా దూకుతుంది. తోలుకి ఒక్కో కుట్టు పడేంత నిదానం కావాలి. సర్వో మోటారు పెట్టించుకుంటే వేగం మన చెప్పుచేతల్లో ఉంటుంది, చప్పుడూ ఉండదు. ధర మాట్లాడేటప్పుడే తలకెంత, బల్లకెంత, మోటారుకెంత అని విడదీసి అడగండి. మోటారు వద్దంటే తగ్గిస్తారు. మా తోటికోడలు చివరికి అలాగే, మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జూకీ తల, బల్ల మాత్రం తీసుకుని, మోటారు వేరే పెట్టించుకుంది. వాట్సాప్‌లో వీడియో చూసి అడ్వాన్సు పంపమన్న వాళ్లూ తగిలారు. చక్రం తిప్పకుండా పైసా ఇవ్వనని కూర్చుంది.

బేరం కుదిరాక మిషనుని బల్లతో సహా ఆటోలో ఎక్కించకండి. తల ఒక్కటే ముప్పై కిలోల పైమాటే. కుదుపుకి పడితే పోత ఇనుము పగులుతుంది, అతుకు పడదు. తల విడిగా తీయించి, పాత దుప్పట్లు చుట్టి, ఇద్దరు మనుషుల్ని పెట్టి దింపించండి. బిగించే మెకానిక్‌ని ఆ పూట ఉండమని, బాబినులో దారం ఎక్కించడం, ఎక్కడెక్కడ నూనె పడాలో మీ చేతే వేయించుకోండి. నూనె చుక్కలు మొదటి రెండ్రోజులు తోలు మీద పడుతుంటాయి. అందుకని ముందు ఆర్డరు పని పెట్టకుండా తుక్కు ముక్కలు కుట్టండి.