మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌లలో అన్యాయం దేనికి జరిగింది?

మైకేల్ జాక్సన్ బతికున్న కాలంలో ఆయన ఒక్కడి పేరు మీద పది స్టూడియో ఆల్బమ్‌లు వచ్చాయి. 1972 నుంచి 1975 దాకా వచ్చిన నాలుగూ మోటౌన్ కంపెనీవి. 1979 నుంచి 2001 దాకా వచ్చిన ఆరూ ఎపిక్ కంపెనీవి. వీటిలో అన్నిటికంటే గొప్పది ఏదంటే అభిమానుల మధ్య పెద్దగా పేచీ రాదు. ‘థ్రిల్లర్’ అంటారు, కాదంటే ‘ఆఫ్ ద వాల్’ అంటారు. అసలు పేచీ తగినంత పేరు రాకుండా పోయిన ఆల్బమ్ ఏదన్న దగ్గర మొదలవుతుంది. అభిమానులు ‘అండర్‌రేటెడ్’ అని పిలిచే ఆ స్థానం కోసం ‘డేంజరస్’, ‘హిస్టరీ’, ‘ఇన్విన్సిబుల్’ పోటీ పడతాయి. ఇంకాస్త లోతుకు వెళ్లినవాళ్లు ఒక రీమిక్స్ ఆల్బమ్‌నో, అన్నదమ్ములతో కలిసి చేసిన ఆల్బమ్‌నో ముందుకు తెస్తారు.

ఈ తరహా వాదన తెలుగు శ్రోతలకు కొత్తది కాదు. సినిమా ఆడకపోతే దాంతోపాటే మంచి పాటలూ మరుగున పడటం ఇక్కడ మామూలే. ఇళయరాజా అభిమానుల దగ్గరా, రెహమాన్ అభిమానుల దగ్గరా అలాంటి పాటల చిట్టా ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పాప్ గాయకుడి ఆల్బమ్‌కు సినిమా ఆడలేదన్న సాకు ఉండదు. అంతకుముందు వచ్చిన ఆల్బమ్, కంపెనీ చేసిన ప్రచారం, పత్రికల ధోరణి, ఆ రోజుల్లో గాయకుడి సొంత జీవితంలో నడుస్తున్న గొడవలు దాని జాతకం రాస్తాయి. జాక్సన్ విషయంలో ఈ నాలుగూ గట్టిగానే పనిచేశాయి.

అన్నిటికీ కొలబద్ద ‘థ్రిల్లర్’. 1982 నవంబరు నెలాఖరున విడుదలైన ఈ ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 37 వారాలు మొదటి స్థానంలో ఉంది. అందులో ఉన్నవి తొమ్మిది పాటలు. వాటిలో ఏడు సింగిల్స్‌గా వచ్చి, ఏడూ మొదటి పది స్థానాల్లోకి చేరాయి. 1984లో జాక్సన్ ఒకే రాత్రి ఎనిమిది గ్రామీ అవార్డులు అందుకున్నాడు. థ్రిల్లర్ వీడియో ఎంత దూరం పాకిందో తెలుసుకోవాలంటే 1985 నాటి ‘దొంగ’ సినిమాలో చిరంజీవి ‘గోలీమార్’ పాట చూస్తే చాలు. ఇంతటి విజయం తర్వాత ఏం చేసినా చిన్నగానే కనిపిస్తుంది. 1987లో వచ్చిన ‘బ్యాడ్’ నుంచి అయిదు పాటలు అమెరికాలో నంబర్ వన్ అయ్యాయి. అంతకుముందు ఏ ఆల్బమ్‌కూ అది సాధ్యపడలేదు. అయినా ఆ రోజుల్లో సాగిన చర్చంతా అది థ్రిల్లర్‌ను దాటిందా లేదా అన్నదాని చుట్టూనే తిరిగింది.

ఈ వాదనలో చిక్కేమిటంటే, గుర్తింపును ఒక్కొక్కరు ఒక్కో తక్కెడలో తూస్తారు. ఒకరు అమ్మకాలు చూపిస్తారు, మరొకరు విమర్శకుల మాట చూపిస్తారు. ఇప్పటికీ పెళ్లి బారాత్‌లోనో టీవీ డ్యాన్స్ పోటీలోనో ఆ పాట మోగుతోందా అన్నదే ఇంకొకరికి లెక్క. ఒక తక్కెడలో బరువు తూగిన ఆల్బమ్ మరో తక్కెడలో తేలిపోవచ్చు. ‘ఆఫ్ ద వాల్’ సంగతే తీసుకుంటే, 1979లో వచ్చిన ఈ ఆల్బమ్‌కు గ్రామీల్లో దక్కింది ఒకే ఒక్క అవార్డు. అదీ నల్లజాతి సంగీత విభాగంగా లెక్కించే ఆర్ అండ్ బీలో. ఆ చిన్నచూపు జాక్సన్‌ను బాగా బాధించింది. తర్వాతి ఆల్బమ్‌ను ఎవరూ పక్కన పెట్టలేనట్టు చేయాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. కానీ ఇప్పుడు విమర్శకులు చాలామంది దాన్ని థ్రిల్లర్ పక్కనే కూర్చోబెడుతున్నారు. 2016లో దర్శకుడు స్పైక్ లీ దాని మీద ఒక డాక్యుమెంటరీయే తీశాడు. కాబట్టి ఒకప్పటి అన్యాయం ఇప్పుడు అన్యాయం కాదు. దాన్ని పోటీ నుంచి తప్పించవచ్చు.

డేంజరస్ అంత తేలిగ్గా తప్పుకోదు. 1991 నవంబరులో విడుదలైన ఈ ఆల్బమ్‌లో పద్నాలుగు పాటలున్నాయి, నిడివి దాదాపు 77 నిమిషాలు. అంతకుముందు వరసగా మూడు ఆల్బమ్‌లు నిర్మించిన క్విన్సీ జోన్స్ ఇందులో లేడు. ఆయన స్థానంలో వచ్చినవాళ్లలో ముఖ్యుడు టెడ్డీ రైలీ. అప్పటికి అతని వయసు పాతికేళ్లలోపే. హిప్‌హాప్ డ్రమ్ మెషీన్ దరువు మీద ఆర్ అండ్ బీ గాత్రాన్ని కూర్చే ‘న్యూ జాక్ స్వింగ్’ అనే శైలికి అతను పేరుమోసినవాడు. ఆల్బమ్ మొదటి సగమంతా ఆ దరువే: గాజు పగిలిన చప్పుడు, యంత్రాల రొద, వాటి మధ్య తాళంతోపాటే నడిచే జాక్సన్ ఊపిరి. రెండో సగానికి రంగు మారిపోతుంది. ‘గివ్ ఇన్ టు మీ’లో రాక్ గిటారిస్టు స్లాష్ వాయిస్తాడు. ‘విల్ యూ బీ దేర్’ బీథోవెన్ తొమ్మిదో సింఫనీలోని ఒక భాగంతో మొదలై చర్చి బృందగానంలోకి సాగుతుంది. ఎయిడ్స్‌తో 1990లో చనిపోయిన రయాన్ వైట్ అనే కుర్రాడి స్మృతికి ‘గాన్ టూ సూన్’ అంకితం.

మరి ఇంత ఉన్న ఆల్బమ్‌కు లోటు ఎక్కడ వచ్చింది? 1992 జనవరిలో నిర్వాణా బృందం ‘నెవర్‌మైండ్’ దీన్ని బిల్‌బోర్డ్ మొదటి స్థానం నుంచి దించింది. రాక్ చరిత్ర రాసేవాళ్లకు ఆ వారం చేతికి దొరికిన వరమైంది. మెరుపు దుస్తుల పాప్ రాజు పోయి చిరుగు స్వెటర్ల గ్రంజ్ రాక్ వచ్చిందని, ఎనభైల దశాబ్దం అక్కడితో ముగిసిందని రాసుకున్నారు. కథ బాగుంది, కానీ సగమే నిజం. నెవర్‌మైండ్ కూడా ఆ స్థానంలో కుదురుగా కూర్చోలేదు. డేంజరస్ పాటలు 1993 దాకా ఒకదాని వెనుక ఒకటి సింగిల్స్‌గా వస్తూనే ఉన్నాయి, ప్రపంచమంతటా కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి. అయినా ఆ కథ వల్ల డేంజరస్ పాత యుగానికి చివరి గుర్తుగా మిగిలిపోయింది. అప్పటి అమెరికన్ ఆర్ అండ్ బీ దరువును ప్రపంచ పాప్‌లోకి తెచ్చిన ఆల్బమ్‌గా దానికి రావలసిన పేరు వెనకబడింది. సంగీత ఆచార్యురాలు సూసన్ ఫాస్ట్ 2014లో ఈ ఆల్బమ్ మీద ఒక పుస్తకం రాసి, జాక్సన్ కళాకారుడిగా పరిణతి చెందింది ఇక్కడేనని వాదించింది. అప్పటి నుంచి దీని పక్షం వాళ్లకు గట్టి ఆధారం దొరికినట్టయింది. విమర్శకుల తక్కెడలో అన్యాయం జరిగిందంటే ఒప్పుకోవచ్చు. అమ్మకాల తక్కెడలో మాత్రం దీనికి లోటు లేదు.

హిస్టరీ విషయం దీనికంటే జటిలం. 1993లో ఒక బాలుడిని లైంగికంగా వేధించాడని జాక్సన్‌పై ఆరోపణ వచ్చింది. ఆయన కాదన్నాడు. 1994 జనవరిలో డబ్బు చెల్లించి సివిల్ దావాను రాజీ చేసుకున్నాడు. నేరాభియోగం నమోదు కాలేదు. ఆ తర్వాత వచ్చిన తొలి ఆల్బమ్ ఇది. 1995 జూన్‌లో రెండు డిస్కులుగా విడుదలైంది. ఒకదాంట్లో పదిహేను పాత హిట్లు, రెండోదాంట్లో పదిహేను పాటలు. ప్రచారం కోసం లండన్ థేమ్స్ నదిలో ఆయన భారీ విగ్రహాన్ని పడవ మీద తిప్పారు. లోపల పాటలు చూస్తే ఆ విగ్రహానికీ వాటికీ పొంతనే ఉండదు. చెల్లెలు జానెట్‌తో పాడిన ‘స్క్రీమ్’ అరుపుతో మొదలుపెడుతుంది. ‘టాబ్లాయిడ్ జంకీ’ పత్రికలను దులిపేస్తుంది. ‘స్ట్రేంజర్ ఇన్ మాస్కో’ వానలో పరాయి నగరంలో ఒంటరిగా మిగిలిన మనిషి పాట. 1993లో డేంజరస్ యాత్ర మాస్కోకు వెళ్లినప్పుడు రాసుకున్నది. జాక్సన్ గొంతు ఇంత నిదానంగా, ఇంత దిగాలుగా వినిపించిన సందర్భం మరొకటి లేదనే చెప్పాలి.

లోపాలూ లేకపోలేదు. ‘కమ్ టుగెదర్’ బీటిల్స్ పాటకు జాక్సన్ ఏళ్ల కిందటే పాడిపెట్టుకున్న రూపం, ఇక్కడ దాని అవసరం కనిపించదు. కొన్ని పాటల్లో స్వీయజాలి హద్దు దాటుతుంది. ‘దే డోంట్ కేర్ అబౌట్ అస్’లో యూదులను కించపరిచే మాటలున్నాయని గొడవ రేగితే, జాక్సన్ క్షమాపణ చెప్పి ఆ మాటలు మార్చి పాడాడు. బ్రెజిల్‌లోని సాల్వడార్‌లో ఒలోడుమ్ డప్పు బృందంతోనూ, రియో మురికివాడలోనూ స్పైక్ లీ దానికి తీసిన వీడియోకు నేటికీ ఆదరణ తగ్గలేదు. 2010ల నుంచి అమెరికాలో పోలీసు హింస మీద జరిగిన నిరసనల్లోనూ ఈ పాట వినిపించింది. ‘యూ ఆర్ నాట్ అలోన్’ అమెరికా పాటల పట్టికలోకి నేరుగా నంబర్ వన్‌గా దిగిన మొట్టమొదటి పాట. ‘ఎర్త్ సాంగ్’ బ్రిటన్‌లో ఆ ఏడాది క్రిస్మస్‌కు నంబర్ వన్. అమెరికాలో దాన్ని సింగిల్‌గా విడుదలే చేయలేదు. 1996 నవంబరు 1న ముంబయి అంధేరీ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో జాక్సన్ ఇచ్చిన ప్రదర్శన ఈ ఆల్బమ్ యాత్రలో భాగమే.

పోటీలో నిజంగా నిలబడేది హిస్టరీలోని ఆ రెండో డిస్కే. దానికి అన్యాయం చేసింది ముఖ్యంగా పెట్టె. పాత హిట్లతో కలిపి అమ్మడంతో కొందరు దాన్ని హిట్ పాటల సంకలనం అనుకున్నారు. ఉత్తమ ఆల్బమ్‌ల చిట్టాలు వేసేవాళ్లకు దాన్ని ఏ గూటిలో పెట్టాలో తెలియలేదు. విడిగా ఒక్క డిస్కుగా, సొంత పేరుతో వచ్చి ఉంటే జాక్సన్ తన గురించి తాను ఎక్కువగా చెప్పుకున్న ఆల్బమ్‌గా దాన్ని ఎప్పుడో గుర్తించేవారు. అయితే అడ్డు పెట్టె ఒక్కటే కాదు. తనకు అన్యాయం జరిగిందని గాయకుడు అరిచే పాటలు వినేటప్పుడు, ఆ అరుపును నమ్మాలా వద్దా అన్న ప్రశ్న శ్రోతను వదలదు. 2005లో ఇలాంటిదే వేరే కేసులో జ్యూరీ ఆయన్ను నిర్దోషిగా తేల్చింది. ఆయన పోయిన పదేళ్లకు, 2019లో వచ్చిన ‘లీవింగ్ నెవర్‌ల్యాండ్’ డాక్యుమెంటరీలో మరో ఇద్దరు తమను చిన్నతనంలో వేధించాడన్నారు. జాక్సన్ ఆస్తి వ్యవహారాలు చూసే సంస్థ దాన్ని ఖండించింది. సంగీతం ఎంత బాగున్నా ఈ డిస్కును వినలేనివాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు.

1997లో వచ్చిన ‘బ్లడ్ ఆన్ ద డ్యాన్స్ ఫ్లోర్’ దీనికి తోకలాంటిది. అందులో అయిదు కొత్త పాటలు, ఎనిమిది హిస్టరీ పాటల రీమిక్స్‌లు. బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, అమెరికాలో మాత్రం కంపెనీ ప్రచారమూ అంతంతమాత్రమే, ఆదరణా అంతంతమాత్రమే. మత్తుమందు వ్యసనం మీద జాక్సన్ రాసిన ‘మార్ఫిన్’ ఉన్నది ఇందులోనే. ఆయన 2009లో మత్తుమందు మోతాదు మించడం వల్లే చనిపోవడంతో ఆ పాటను తర్వాత జనం మరోలా విన్నారు. రీమిక్స్‌లు తీసేసి ఆ అయిదు పాటలే లెక్కిస్తే దీని పక్షం వాళ్ల వాదనకు బలముంది. కానీ అయిదు పాటలను ఆల్బమ్ అనలేం.

ఇక ఇన్విన్సిబుల్ పక్షం వాళ్ల సంఖ్యే వేరు, గొంతూ వేరు. 2001 అక్టోబరు 30న ఇది అమెరికాలో విడుదలైంది. దాని తయారీకి సుమారు 3 కోట్ల డాలర్లు ఖర్చయిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. మొదటి వారమే నంబర్ వన్ అయింది కానీ అక్కడ నిలవలేదు. జాక్సన్‌కూ, ఎపిక్ కంపెనీకి యజమాని అయిన సోనీ మ్యూజిక్‌కూ మధ్య ఒప్పందం గురించి, ప్రచారం గురించి గొడవ ముదిరింది. ప్రపంచయాత్ర జరగలేదు. రెండు మూడు పాటలు తప్ప సింగిల్స్‌గా రాలేదు. 2002 జులైలో న్యూయార్క్ హార్లెమ్‌లో జాక్సన్ సోనీ మ్యూజిక్ అధిపతి టామీ మొటోలాను జాత్యహంకారి అని బహిరంగంగానే తిట్టాడు. సోనీ ఆ మాటను తోసిపుచ్చింది. కంపెనీయే ఆల్బమ్‌ను చంపిందన్నది అభిమానుల గట్టి నమ్మకం. 2009 డిసెంబరులో బిల్‌బోర్డ్ పత్రిక దశాబ్దపు ఉత్తమ ఆల్బమ్ ఏదని పాఠకులను అడిగితే ఇన్విన్సిబుల్‌కే ఎక్కువ ఓట్లు పడ్డాయి. జాక్సన్ పోయి అప్పటికి ఆరు నెలలే అయిందన్నది గుర్తుంచుకోవాలి.

పాటల వరకే చూస్తే ఇది హెచ్చుతగ్గుల ఆల్బమ్. ‘బటర్‌ఫ్లైస్’, ‘బ్రేక్ ఆఫ్ డాన్’, కార్లోస్ సంటానా గిటార్‌తో ‘వాటెవర్ హ్యాపెన్స్’ ఎవరి ఆల్బమ్‌లో ఉన్నా దానికి మెరుగే. మొదట్లో వరసగా పెట్టిన రాడ్నీ జెర్కిన్స్ పాటలు మాత్రం ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. పదహారు పాటల్లో ఆరింటిని తగ్గించి, మెల్లని పాటలను ముందుకు తెచ్చి ఉంటే వాదన వేరుగా ఉండేది. దీనికి జరిగిన అన్యాయం వ్యాపారానిది. అంతమాత్రాన అది హిస్టరీకి సాటి రాదు.

మోటౌన్ నాటి నాలుగింటినీ పట్టించుకునేవాళ్లు తక్కువ. 1972 నాటి ‘బెన్’ను దాని పేరు పెట్టుకున్న పాట బతికించింది. ఎలుకతో స్నేహం గురించిన ఆ పాట జాక్సన్‌కు తొలి సోలో నంబర్ వన్. 1975 నాటి ‘ఫరెవర్, మైకేల్’ బిల్‌బోర్డ్‌లో మొదటి వందలోకి కూడా రాలేదు. ఆరేళ్ల తర్వాత అందులోని ‘వన్ డే ఇన్ యువర్ లైఫ్’ను బయటికి తీస్తే బ్రిటన్‌లో నంబర్ వన్ అయి కూర్చుంది. ఆయన పోయాక వచ్చిన ఆల్బమ్‌లను ఈ పోటీలోకి రానివ్వరు. 2010 నాటి ‘మైకేల్’లో మూడు పాటల్లో ఉన్నది అసలు ఆయన గొంతేనా అన్న వివాదం ఏళ్ల తరబడి నడిచింది. 2022లో వాటిని స్ట్రీమింగ్ వేదికల నుంచి తీసేశారు.

అన్నదమ్ముల బృందం ‘ద జాక్సన్స్’ పేరుతో వచ్చిన ‘డెస్టినీ’ (1978), ‘ట్రయంఫ్’ (1980) మరో కోవలోవి. మైకేల్ సోలో చిట్టాలో లేకపోవడమే వీటికి వచ్చిన నష్టం. డెస్టినీలో పెద్ద హిట్ ‘బ్లేమ్ ఇట్ ఆన్ ద బూగీ’ వీళ్లు రాసింది కాదు. రాసినవాళ్లలో ఒకడు మిక్ జాక్సన్ అనే ఇంగ్లిష్ గాయకుడు, ఈ కుటుంబంతో చుట్టరికం ఏమీ లేనివాడు. మిగతా పాటలు దాదాపు అన్నీ అన్నదమ్ములవే. మోటౌన్‌లో దొరకని ఆ స్వేచ్ఛలోనే మైకేల్ పాట రాయడం నేర్చుకున్నాడు. ఆఫ్ ద వాల్‌కూ థ్రిల్లర్‌కూ మధ్య వచ్చిన ట్రయంఫ్‌లో ‘హార్ట్‌బ్రేక్ హోటల్’ మైకేల్ ఒక్కడే రాసింది. ఎల్విస్ ప్రెస్లీ పాటతో గందరగోళం రాకుండా తర్వాత దాని పేరును ‘దిస్ ప్లేస్ హోటల్’గా మార్చారు. అందులోని భయం, అనుమానం, నిందమోపే ఆడది రెండేళ్ల తర్వాత ‘బిల్లీ జీన్’లో మళ్లీ కనిపిస్తాయి.