బండి మీద ఫోన్ – తల్లిదండ్రులకు ఒక మాట



గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బైకు ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతుంది. మెసేజ్ చదవడానికి అయిదు సెకన్లు పడితే, 55 మీటర్లు కళ్లు మూసుకొని నడిపినట్టే. పాల్వంచ–భద్రాచలం రోడ్డులో ఆ దూరంలోనే పశువులు పడుకొని ఉండవచ్చు, లైట్లు లేకుండా జామాయిల్ కర్రల లారీ ఆగి ఉండవచ్చు.

తప్పంతా పిల్లలదే అనలేము. "ఎక్కడిదాకా వచ్చావురా?" అని పదే పదే ఫోన్ చేసేది మనమే. బయలుదేరేముందు ఒకసారి, చేరాక ఒకసారి చాలదా? అడవిలో సిగ్నల్ పోతుంది. మళ్లీ రాగానే మెసేజ్‌లన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి. చెయ్యి జేబులోకి వెళ్లేది అప్పుడే. ఫోన్ సైలెంట్‌లో పెట్టించి సంచిలో వేయించండి.

గేర్ల బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 2019 సవరణ చట్టం ప్రకారం మైనరుకు బండి ఇచ్చిన పెద్దలకు మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా.

పడినవాడు లేచి "నాకేం కాలేదు" అన్నా నమ్మవద్దు. తలలోపల రక్తం మెల్లగా చేరి మెదడును నొక్కవచ్చు. డాక్టరుకు చూపించి, 24 గంటలు కనిపెట్టి ఉండండి. వాంతులు, మగత, పెరిగే తలనొప్పి, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవడం – వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకండి. మేము మొదట టార్చి వేసి చూసేది కంటిపాపలనే.

స్పృహ లేనివారికి నీళ్లు తాగించకండి, మెడ కదపకండి, 108కి ఫోన్ చేయండి. సాయం చేసినవారిని సాక్ష్యానికి బలవంతపెట్టరాదని కూడా నిబంధనలు ఉన్నాయి.