పరాయి ఇంట్లో ఒక విద్యా సంవత్సరం

తెలుగువాళ్లకు అమెరికా చదువంటే ఎంఎస్. బ్యాంకు లోను, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం), నలుగురు మనవాళ్లు కలిసి తీసుకున్న అపార్ట్‌మెంట్, వంతులవారీ వంట. ఈ దారి మనకు కొట్టినపిండి. అయితే హైస్కూలు వయసులోనే వెళ్లి, ఒక అమెరికన్ కుటుంబంతో ఉంటూ, వాళ్ల ఊరి బడిలో ఒక విద్యా సంవత్సరం చదివి తిరిగొచ్చే దారి కూడా ఒకటుంది. అలా ఇంట్లో ఉంచుకునేవాళ్లను హోస్ట్ ఫ్యామిలీ (ఆతిథ్య కుటుంబం) అంటారు. ఈ మాట వినగానే తల్లిదండ్రులు అడిగేది ఒకటే: ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంటికి పిల్లను ఎలా పంపుతాం? ఆ భయం న్యాయమైనదే. అందుకే ముందు ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో చూద్దాం.

ఇది కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో క్షతగాత్రులను అంబులెన్సుల్లో చేరవేసిన అమెరికన్ స్వచ్ఛంద సేవకుల సంస్థ ఏఎఫ్ఎస్. రెండో యుద్ధం ముగిశాక, 1947లో అది విద్యార్థుల మార్పిడి మొదలుపెట్టింది. ఒక దేశం పిల్లలు మరో దేశం ఇంట్లో తిని, పడుకుని, చదువుకుంటే మళ్లీ యుద్ధాలు రావన్నది వాళ్ల నమ్మకం. న్యూయార్క్‌పై ఉగ్రవాద దాడుల తర్వాత, 2002లో అమెరికా ప్రభుత్వం కెన్నెడీ-లూగర్ యెస్ అనే స్కాలర్‌షిప్ పెట్టింది. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల పిల్లల కోసం పెట్టిన ఈ పథకంలో భారత్ కూడా చేరింది. విద్యార్థి ఏ మతానికి చెందినా ఫర్వాలేదు.

ఇలా వెళ్లేవాళ్లకు ఇచ్చేది జె-1 వీసా (మార్పిడి విద్యార్థుల వీసా). వయసు 15 నుంచి 18న్నర మధ్య ఉండాలి. కుటుంబాన్ని వెతికే బాధ్యత ఈ మార్పిడిని నడిపే సంస్థదే. సంస్థ మనిషి ఆ ఇంటికి వెళ్లి చూడాలి, మాట్లాడాలి. ఇంట్లో 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి నేరచరిత్రా తనిఖీ చేయాలి. విద్యార్థికి సొంత మంచం ఉండాలి. దగ్గర్లో ఉండే లోకల్ కోఆర్డినేటర్ (స్థానిక సమన్వయకర్త) నెలకోసారైనా పిల్లలతోనూ కుటుంబంతోనూ మాట్లాడాలి. బంధువుల ఇంట్లో ఉంచడానికి వీల్లేదు. డాలస్‌లో బాబాయి ఉన్నాడు కదా, అక్కడే ఉంటుందిలే అంటే నిబంధన ఒప్పుకోదు.

అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన మరొకటి. ఈ కుటుంబానికి డబ్బు ఇవ్వరు. పన్ను లెక్కల్లో నెలకు 50 డాలర్ల దాకా విరాళంగా చూపుకోవచ్చు, అంతే. దీని పర్యవసానం పెద్దది. డబ్బు తీసుకోరు కాబట్టి అది హాస్టలు కాదు, ఆ పిల్ల అక్కడ కస్టమరూ కాదు. ఇంట్లో మనిషిగా చూస్తారు, ఇంట్లో మనిషిలాగే పని చేయమంటారు. తిన్న ప్లేటు కడిగి డిష్‌వాషర్‌లో పెట్టాలి. బట్టలు ఉతుక్కోవాలి. కుక్కను వాకింగుకు తీసుకెళ్లే వంతు వస్తే తీసుకెళ్లాలి. ఇంట్లో పనమ్మాయి ఉండి, చదువుకుంటే చాలనే మాట వింటూ పెరిగిన పిల్లలకు మొదటి వారం ఇది మందలింపులా తోస్తుంది. నిజానికి అది వాళ్లు తమ ఇంట్లో ఇచ్చే చోటు.

అసలు చిక్కు మొహమాటంతో వస్తుంది. మన ఇళ్లలో ఎవరైనా మారు వడ్డించబోతే ముందు వద్దంటాం. వాళ్లు బలవంతం చేస్తారు, అప్పుడు వేయించుకుంటాం. ఇది ఇద్దరికీ తెలిసిన మర్యాద. అక్కడ ‘నో, థాంక్యూ’ అంటే గిన్నె పక్కవాళ్లకు వెళ్లిపోతుంది, తిరిగి రాదు. రాత్రి భోజనం తరచు ఆరింటికే అయిపోతుంది. తొమ్మిదింటికి కడుపులో ఎలుకలు పరుగెడతాయి. ఫ్రిజ్ తెరవాలంటే సంకోచం. పిల్ల ఆకలితో పడుకుంటుంది. ‘ఈమెకు తిండి పెద్దగా అక్కర్లేదు’ అని ఆ ఇంటి తల్లి అనుకుంటుంది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. దీనికి మందు మొదటి వారంలోనే అడిగేయడం: ఫ్రిజ్‌లో ఏవి తీసుకోవచ్చు, స్నానం ఎప్పుడు, ఎంతసేపు, తలుపు వేసుకుంటే ఏమనుకుంటారు, వారంలో ఒకరోజు నేను పప్పన్నం వండుకోవచ్చా? శాకాహారులైతే గుడ్డు తింటారో లేదో కూడా విడమరిచి చెప్పాలి.

తర్వాత మనసు సంగతి. 1955లో నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెరె లిస్‌గార్డ్, అమెరికా వెళ్లొచ్చిన తన దేశపు ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ గ్రహీతలను పరిశీలించాడు. మొదట ఉత్సాహం, మధ్యలో కుంగుబాటు, మళ్లీ కోలుకోవడం కనిపించాయి. అందరిలోనూ ఇదే వరుస ఉంటుందని తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు. అయినా మధ్యలో ఒక పల్లం రావచ్చని ముందే తెలిసి ఉండటం మేలు. రోజంతా పరాయి భాష వినడం మెదడుకు పెద్ద పని. బడి నుంచి రాగానే నిద్ర ముంచుకొస్తుంది, ఏడుపు వస్తుంది. దాన్ని జబ్బనుకోకూడదు, ఓటమి అసలే అనుకోకూడదు.

ఇక్కడే అమ్మానాన్నల ఫోను పనిచేస్తుంది, ఎక్కువసార్లు ఎదురు పనిచేస్తుంది. న్యూయార్క్‌లో మధ్యాహ్నం మూడింటికి బడి వదిలేసరికి మనకు అర్ధరాత్రి దాటుతుంది. అమ్మ నిద్ర మానుకుని కూర్చుంటుంది. పిల్ల గదిలో తలుపు వేసుకుని గంటసేపు మాట్లాడుతుంది. సరిగ్గా ఆ గంటలోనే కింద వంటింట్లో ఆ ఇంటివాళ్లు కబుర్లు చెప్పుకుంటుంటారు. వారానికి ఒకటి రెండు ఫోన్లు చాలు. బెంగ ఇటువైపు ఎంత ఉన్నా సరే, ఈ ఒక్కటి పెద్దవాళ్లు పాటించాలి.

బయల్దేరకముందే తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఇక్కడి కాలేజీ ఆ ఏడాదిని లెక్కలోకి తీసుకుంటుందో లేదో రాతపూర్వకంగా అడగాలి. రెండోది, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌పై వెళ్లినవాళ్లకు రెండేళ్ల స్వదేశ నివాస నిబంధన ఉంటుంది. అంటే తిరిగొచ్చి రెండేళ్లు ఇక్కడ ఉన్నాకే హెచ్-1బీ (ఉద్యోగ) వీసాకైనా, గ్రీన్ కార్డుకైనా అర్హత వస్తుంది. మధ్యలో ఎఫ్-1 (విద్యార్థి) వీసాపై చదువుకు వెళ్లడానికి అది అడ్డు కాదు.

కొన్ని ఇళ్లు పొసగవు. అప్పుడు కుటుంబాన్ని మారుస్తారు. అది శిక్ష కాదు, పిల్ల మీద మచ్చా కాదు. ఎవరైనా హద్దు మీరినా, భయపెట్టినా ఆ రోజే చెప్పాలి. ప్రతి విద్యార్థికీ ఇచ్చే కార్డు మీద సంస్థ నంబరు, అమెరికా విదేశాంగ శాఖ సహాయ నంబరు ఉంటాయి. ముందు అక్కడికి ఫోన్ చేసి, ఆ తర్వాత ఇంటికి చేయమని పిల్లలకు ఇక్కడే చెప్పి పంపాలి. వెంటనే తలుపు తట్టగలిగేది ఆ ఊళ్లోవాళ్లే.