చార్జింగు కేబులు: పాత పిన్నులు, కొత్త పిన్ను

నేటి విద్యార్థికి చేతిఫోను కేవలం వినోద సాధనం కాదన్న సంగతి అందరికీ విదితమే. ఉపకార వేతనపు దరఖాస్తు, పరీక్ష రుసుము, హాల్ టికెట్టు, ఫలితాలు, సర్వం ఆ ఫోను ద్వారానే నడుస్తున్నవి. దరఖాస్తుకు గడువు ముగిసే రాత్రి, ఓటీపీ రావలసిన వేళ ఫోను చార్జింగు లేక ఆరిపోతే, ఆ విద్యార్థి ఒక సంవత్సరపు ఉపకార వేతనాన్నే కోల్పోవచ్చును. ఇంతటి భారాన్ని మోసే ఫోనుకు ప్రాణాధారమైన కేబులు విషయంలో మాత్రం మనం అంతగా శ్రద్ధ వహించము. పిన్ను లోపలికి దూరితే చాలు, కేబులు సరియైనదేనని భావిస్తాము. పాత పిన్నుల కాలంలో ఈ భావన చాలవరకు చెల్లింది, నేడు చెల్లదు. ఎందువలన చెల్లదో వివరించుటయే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

యూఎస్‌బీ మొదటి ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. ఏడు సంస్థలు కలసి రూపొందించిన ఈ ప్రమాణానికి ఇంటెల్ సంస్థలో ప్రధానంగా కృషి చేసినవారు అజయ్ భట్. బరోడాలో జన్మించి, అక్కడి మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికాకు వెళ్ళిన భారతీయుడాయన. ఆ రోజులలో కంప్యూటరుకు కీబోర్డు ఒక రంధ్రంలో, మౌసు మరొక రంధ్రంలో, ప్రింటరు ఇంకొక దానిలో తగిలించవలసి వచ్చేది. అన్నింటికీ ఒకే ద్వారం కల్పించుటే వారి ఆశయం. ఫోనును చార్జి చేయుట వారి ప్రధాన లక్ష్యం కాదు. అందుచేతనే ఆ ద్వారం గుండా లభించిన విద్యుత్తు 5 వోల్టుల వద్ద గరిష్ఠంగా 500 మిల్లీ ఆంపియర్లు, అనగా 2.5 వాట్లు మాత్రమే. మౌసుకు అది పుష్కలం.

ఆనాటి పిన్నునే టైప్-ఎ అంటారు. చార్జరు వైపున ఉండే వెడల్పాటి దీర్ఘచతురస్రం అదే. అందులో నాలుగు లోహపు పట్టీలు ఉంటవి: రెండు విద్యుత్తుకు, రెండు సమాచారానికి. ఇది ఒకే వైపుగా దూరుతుంది. మొదటిసారి దూరక, తిప్పినా దూరక, మరల తిప్పితే దూరిన అనుభవం మన పాఠకులలో ప్రతివారికీ ఉండే ఉంటుంది. రెండు వైపులా దూరేలా చేస్తే తీగలు, ఖర్చు రెట్టింపగునని నాడు మానివేసినట్లు భట్ అనంతర కాలంలో వివరించారు. ఖరీదు తక్కువైతేనే ప్రచారం పొందే వస్తువు గనుక ఆ నిర్ణయం సబబేనని మా అభిప్రాయం.

ఫోనుల విషయానికి వస్తే, ఆదిలో ఏ సంస్థ పిన్ను దానిదే. ఒక్క నోకియాకే లావు పిన్ను, సన్న పిన్ను అని రెండుండేవి. 2007 జనవరిలో ప్రకటింపబడిన మైక్రో పిన్ను ఈ గందరగోళాన్ని చాలావరకు తొలగించింది. 2009లో ఐరోపాలో ప్రముఖ తయారీదారులు దీనినే సామాన్య చార్జరుగా స్వీకరించుటకు ఒప్పుకున్నారు. మైక్రో పిన్నులో పట్టీలు ఐదు. దీనిలో మేము మెచ్చుకొనే అంశం ఒకటున్నది. పట్టును నిలిపే చిన్న స్ప్రింగు కొక్కెములను ఫోనులో గాక కేబులు పిన్నులో అమర్చారు. అరుగుదల అనివార్యం గనుక అరిగేది చౌకైన కేబులే కావాలన్నది దానిలోని యుక్తి. టైప్-ఎ పిన్ను కనీసం 1500 సార్లు తీసి పెట్టుటకు నిలవాలని ప్రమాణం నిర్ణయిస్తే, మైక్రో పిన్ను 10,000 సార్లకు నిలవాలని నిర్ణయించారు.

రెండు వైపులా దూరే పిన్నును ఆపిల్ సంస్థ 2012లోనే లైట్నింగ్ పేరిట తెచ్చింది గాని, అది వారి సొత్తుగానే ఉండిపోయింది. అందరికీ వర్తించే టైప్-సి ప్రమాణం 2014 ఆగస్టులో వెలువడింది. ఇందులో పట్టీలకు 24 స్థానాలు, పైన 12, క్రింద 12. విద్యుత్తు మోసే పట్టీలను పిన్ను తలక్రిందులైనా అవే చోట్లకు వచ్చేలా అమర్చారు. మన ఉభయ భాషా సంచికలను చూడండి: ఎడమ నుండి తెరిస్తే తెలుగు మొదలవుతుంది, కుడి నుండి తెరిస్తే ఉర్దూ మొదలవుతుంది, ఏ అట్టా వెనుక అట్ట కాదు. టైప్-సి పిన్ను కూడా ఆ కోవకు చెందినదే.

అయితే తిప్పనవసరం లేకపోవుట ఈ పిన్నులోని చిన్న విశేషమే. పెద్ద విశేషం సీసీ అని పిలువబడే పట్టీలో ఉన్నది. పాత చార్జరు మూగది. గోడకు తగిలించగానే దాని ముఖద్వారంలో 5 వోల్టులు సిద్ధంగా ఉంటవి. ఎదుట ఎవరున్నారో అది విచారించదు. టైప్-సి చార్జరు అట్లు కాదు. సీసీ తీగ కొనలో 5.1 కిలో ఓముల నిరోధం కనిపించినపుడే విద్యుత్తు గ్రహించే పరికరం వచ్చినదని గుర్తించి విద్యుత్తును వదులుతుంది. అంతవరకు దాని ద్వారం మూసియే ఉంటుంది.

ఈ ఒక్క విషయం తెలియక ఎందరో నష్టపోతున్నారు. మా విద్యార్థి ఒకడు చార్జింగు టార్చి కొన్నాడు. దానికి టైప్-సి సాకెట్టే ఉన్నది. రెండు కొనలూ టైప్-సి అయిన కొత్త కేబులుతో ఎంతసేపుంచినా అది చార్జి కాలేదు. అమ్మినవాడు టార్చి చెడిపోయినదనెను. మేము పాత టైప్-ఎ చార్జరుకు, ఒక కొన ఎ, మరొక కొన సి గల కేబులు తగిలించి చూడగా వెంటనే దీపం వెలిగింది. టార్చి చెడలేదు, తయారీదారు పైసల ఖరీదైన ఆ నిరోధాన్ని అమర్చలేదు, అంతే. మూగ చార్జరు అడగకుండా ఇచ్చింది. విచారించే చార్జరు సమాధానం రాక ఊరకున్నది.

ఇక శక్తి విషయం. ల్యాప్‌టాపుకు 100 వాట్లు కావాలనుకుందాం. 5 వోల్టుల వద్ద అందుకు 20 ఆంపియర్లు ప్రవహించాలి. అంత ప్రవాహానికి సన్నని తీగ కాగిపోతుంది. తీగలోని వేడిమి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని భౌతికశాస్త్ర విద్యార్థులు ఎరుగుదురు. కనుక వోల్టేజిని 20కి పెంచితే 5 ఆంపియర్లు చాలును. ఎంత వోల్టేజి కావాలో ఫోను లేక ల్యాప్‌టాపు ఆ సీసీ తీగ మీదనే చార్జరుతో సంప్రదించుకుంటుంది. 2021లో ఈ పరిమితి 48 వోల్టులు, 5 ఆంపియర్లు, అనగా 240 వాట్లకు పెరిగింది. 3 ఆంపియర్లకు మించి మోసే కేబులులో దాని సామర్థ్యాన్ని తెలిపే ఒక చిన్న చిప్పు ఉండి తీరాలి. అది లేని కేబులు 20 వోల్టుల వద్ద 60 వాట్లకు పరిమితం. చూచుటకు రెండూ ఒక్క తీరుగనే ఉంటవి. చార్జరు ఎంత ఖరీదైనదైనా నెమ్మదిగా ఎక్కుతున్నదంటే దోషం తరచు ఇక్కడనే ఉంటుంది. కొన్ని ఫోను సంస్థలు తమవైన శీఘ్ర పద్ధతులను వాడుతున్నవి. వాటికి వారి చార్జరు, వారి కేబులే కావాలి.

పాతను కొత్తతో కలిపే ఎ-సి కేబులులో ఒక ప్రమాదం పొంచి ఉన్నది. ఆ కేబులులో 56 కిలో ఓముల నిరోధం ఉండాలని నియమం. అది ఫోనుతో, ఎదుట ఉన్నది పాత చార్జరు, మితంగా తీసుకోమని చెబుతుంది. చౌక కేబులులో 10 కిలో ఓముల నిరోధం పెడితే, 3 ఆంపియర్లు తీసుకోవచ్చునన్న అబద్ధపు కబురు అందుతుంది. ఫోను అంతా లాగుతుంది. పాత చార్జరు కాగిపోతుంది. గూగుల్ ఇంజినీరు బెన్సన్ లెయుంగ్ 2015లో విపణిలోని టైప్-సి కేబుళ్ళను తానే కొని పరీక్షించి, వీటిలో చాలా దోషాలను బయటపెట్టారు. 2016లో తీగలు తారుమారైన ఒక కేబులు ఆయన ల్యాప్‌టాపునే పాడుచేసింది. ఫుట్‌పాత్ మీది కేబులు కొని యాభై రూపాయలు మిగుల్చుకున్నామనుకొనే మన హాస్టలు విద్యార్థులు ఇది గమనించవలెను.

శాసనం కూడా ఇప్పుడు టైప్-సి పక్షాననే ఉన్నది. ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుండి అమ్మే కొత్త ఫోనులకు ఇది తప్పనిసరి అయినది. ఆపిల్ సంస్థ 2023 నాటి ఐఫోను 15తోనే లైట్నింగును విడిచింది. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో టైప్-సికి భారతీయ ప్రమాణాన్ని ప్రకటించింది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. పఠన మందిరంలో స్విచ్చు బోర్డులు మార్చదలచినపుడు ఎ, సి రెండు ద్వారాలూ గల బోర్డులను కొనవలెను. పాత చార్జర్లు గల పేద విద్యార్థులు ఇంకా ఎందరో ఉన్నారు. పైన చెప్పిన టార్చి వంటి వస్తువులకు కూడా పాత ద్వారమే శరణ్యం.

విద్యార్థులు కేబులు కొనేటప్పుడు దాని మీద 60 లేక 240 వాట్ల గుర్తు ఉన్నదేమో చూడవలెను. సమాచారపు తీగలు లేక చార్జింగుకు మాత్రమే పనికివచ్చేవి కూడా విపణిలో ఉన్నవి గనుక ఆ సంగతి ముందే అడగవలెను. పిన్ను వదులైనదని తోచినపుడు కొత్త కేబులు కొనేముందు సాకెట్టులోకి వెలుతురు వేసి చూడవలెను. టైప్-సి సాకెట్టు నడుమ ఒక పలుచని నాలుక ఉంటుంది. దాని చుట్టూ జేబులోని నూలుపీచు చేరి గట్టిపడుతుంది. ఫోనును ఆపివేసి, చెక్క పంటిపుల్లతో మెల్లగా దానిని తీసివేయవచ్చును. గుండుసూదిని మాత్రం వాడరాదు. నాలుక మీది పట్టీలు అతి దగ్గరగా ఉండుటచే ఒకదానికొకటి కలిసిపోయే ప్రమాదం కలదు.